అనపగింజల మంచు

అనపకాయలు ఒలవాలంటే మంచు ఉండగానే ఒలవాలి. పొద్దెక్కినాక ఒలిస్తే అవి వట్టి గింజలు. కూరకు బాగుంటాయి, అంతే.

ఈ సంగతి ప్రొద్దుటూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసినా చేసేవాళ్లు తక్కువ. పుష్యమాసపు చలిలో ముక్కు కారుతుంటే, వేళ్లు కొంకర్లు పోతుంటే, మిద్దె మీద కూర్చుని కాయలు ఒలిచే ఓపిక ఎవరికుంది? అఖ్తర్ బీకి ఉంది. చలికాలమంతా తెల్లారుజామున ఫజర్ నమాజు ముగియగానే తలకు శాలువా చుట్టుకుని, చేట నిండా కాయలేసుకుని మిద్దెక్కేది. పెన్న వైపు నుంచి మంచు వీధుల మీదికి పాకివచ్చి ఎదురింటి నీళ్ల ట్యాంకును మింగేసేది. ఆ తెలుపులో కూర్చుని ఆమె చెవులు రిక్కించేది. వీధి ఆ చివర టప్, టప్, టప్ అని అడుగులు వినపడేదాకా మొదటి కాయను ముట్టేది కాదు.

ఆ అడుగులు సుధవి. అఖ్తర్ బీ మిద్దె మీది గదిలో అద్దెకుండి ఇంటర్ చదువుతున్న పిల్ల. జమ్మలమడుగు అవతల పెన్న ఒడ్డున గొర్రెలు మేపుకునే గంగులయ్య కూతురు. చీకటితోనే లేచి ఏటి దాకా పోయి రావడం, ఇంటి ముందు నుంచి మళ్లీ పోవడం, మళ్లీ రావడం. మంచులో మనిషి కనపడదు, చప్పుడే.

"ఎడమ కాలు గట్టిగా పడతాండాది చూడు నీకు," అనేది అఖ్తర్ బీ, పరుగు చాలించి మిద్దెక్కి వచ్చిన సుధతో. "వీధిలో వెయ్యిమంది పరిగెత్తినా నీ అడుగు నేను పట్టేస్తా."

"గొర్రెను తోలేటప్పుడు ఎడమ కాలు నేలకేసి కొడతాం కదత్తా. ఆ అలవాటు పోలేదు," అని సుధ నవ్వి, తనూ ఒక గుప్పెడు కాయలు లాక్కునేది. ఆ కాయలు గంగులయ్య చేను గట్టువే. వారానికొక సంచి బస్సులో వేసి పంపేవాడు.

ఒలవడం సగం పనే. దాచడం అసలు పని. గింజల్ని కడగకూడదు. తడి చేయి తగలనివ్వకూడదు. మచ్చ పడ్డవి, పురుగు తొలిచినవి ఏరి కోళ్లకు వేయాలి. మిగిలినవి పాత నూలు చీర మీద ఒక్క పొరగా పరిచి, ఎండ పొడ తగలకముందే డబ్బాలో పోసి, మూత బిగించి ఫ్రీజర్‌లోకి తోయాలి. ఒక పొద్దున ఒలిచినవి ఒక డబ్బాలో. రెండు పొద్దులు కలపకూడదు. కలిపితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే ఎవరూ కలపలేదు.

ఇక ఎండాకాలం వచ్చేది. ప్రొద్దుటూరు ఎండ సంగతి ప్రొద్దుటూరు వాళ్లనే అడగాలి. మిద్దె మీద గుడ్డలు ఆరేసి వెనక్కి తిరిగేలోగా ఆరిపోతాయి, మనుషులతో సహా. కరెంటు కూడా పోయిన మధ్యాహ్నం అఖ్తర్ బీ ఒక డబ్బా తెచ్చి నడింట్లో మూత తీసేది. బయటి గాలికి గింజలు మెత్తబడే కొద్దీ డబ్బాలోంచి ఆ పొద్దున లేచేది. ముందు చల్లదనం, వెంటనే తెల్లగా మంచు, మంచు వెనకే ఆనాటి వాసన, ఆనాటి చప్పుళ్లు. పాలబండి హారను. ఎవరిదో దగ్గు. గడపలో సుధ అడుగులు, టప్, టప్. పక్కింటి జైనబ్ ఒళ్లంతా చెమటకాయలు పేలిన బిడ్డను తెచ్చి ఆ మంచులో పడుకోబెట్టేది. మంచు పలచబడ్డాక గింజలు పొయ్యి మీదికి పోయేవి. రాత్రికి సంగటి, అనపగింజల కూర. ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. ఎండకు మల్లెపూలు, చలికి మంట ఎట్లాగో, ఇదీ అట్లాగే.

ఈ ఏడు మాత్రం అఖ్తర్ బీ పిసినారిదైపోయింది. జైనబ్ బిడ్డ కోసం ఒకటి, ముసలామె ఒకరికి వడదెబ్బ తగిలితే ఒకటి, అంతే. మిగిలిన డబ్బాలన్నీ ఫ్రీజర్‌లో ఇటుకల్లా పేర్చి తాళం వేసినట్టు కాపలా కాసింది. ఎందుకని అడిగినవాళ్లకు ఒకటే జవాబు.

"మా సుధ పరుగుండాది. ఆ పొద్దుకు నా కాడ మంచు ఉండాల."

పులివెందులలో ఒక పరుగుల అకాడమీ వాళ్లు ఎండాకాలంలోనే ఎంపికలు పెడతారు. నాలుగు చుట్లు పరిగెత్తాలి. ప్రతి జట్టులో ముందొచ్చిన ముగ్గురికి హాస్టలు, శిక్షణ, చదువు అన్నీ వాళ్లవే. సుధ పోయినేడు తండ్రితో, అఖ్తర్ బీతో కలిసి పోయింది. మూడు చుట్లు అందరికంటే ముందుంది. నాలుగో చుట్టులో కళ్లకు నల్లగా కమ్మి, గీతకు కూతవేటు దూరంలో మొహం బోర్లా పడిపోయింది. వడదెబ్బ. సెలైను ఎక్కించి పంపించారు.

ఈ ఏటితో వయసు దాటిపోతుంది. ఇక పిలుపు రాదు.

"ఆడపిల్లకు పరుగెందుకు?" అని వీధిలో అననివాళ్లు లేరు. అదే వీధి, పొద్దున బస్సు కదిలిపోతుంటే "పరిగెత్తి ఆపే సుధా!" అని ఆ పిల్లనే కేకేస్తుంది.

గంగులయ్య మాత్రం ఆ మాట అనలేదు. ఆయన మాట వేరు. ఉగాది పండగకు ముందొకసారి వచ్చి, భుజం మీది నల్ల గొంగడిని అరుగు మీద పరుచుకుని కూర్చుని, తేల్చి చెప్పాడు.

"చూడు పాపా. పోయినేడు నువ్వు పడిపోయినావని ఆ పొద్దు నా ప్రాణం నాలో లేదు. ఈసారి కూడా నేనే వస్తా. గెలిస్తే నీ దావ నీది. పడితే మటుకు, ఈ గొంగడి నీ భుజాన ఏస్తా. నా ఎనక గొర్రెల్లోకి వస్తావు. మల్లా పరుగు మాట ఎత్తగూడదు."

"సరే నాయనా," అంది సుధ. అంటూ ఆ గొంగడి వైపు చూసింది. గొర్రెలంటే ఆ పిల్లకు చిన్నచూపు లేదు. పుట్టింది వాటి మధ్యే. కానీ గొర్రెల వెనక నడవాలి. సుధకు నడవడం రాదు.

ఇంతలో బక్రీదు వచ్చింది. ఈసారి నడి ఎండల్లో వచ్చింది.

అఖ్తర్ బీ కొడుకు అద్నాన్ కువైట్‌లో ఉంటాడు. మాఘమాసం చివర్లో వచ్చి, మసరత్‌ను పెళ్లాడి, నెల తిరక్కుండానే విమానమెక్కాడు. అత్తగారింట్లో మసరత్‌కు ఇది మొదటి బక్రీదు. ఈ ఇంటి కుర్బానీ మాంసంతో పాటు చుట్టాల ఇళ్ల నుంచి భాగాలు రావడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు, కవరు తర్వాత కవరు. అఖ్తర్ బీ పేదల భాగం పంచడానికి వీధులు తిరుగుతోంది. మసరత్ ఫ్రిజ్ ముందు మాంసం గిన్నెలతో నిలబడింది. ఫ్రీజర్ తలుపు తీస్తే అంతా డబ్బాలే.

మసరత్ డిగ్రీ ఫస్ట్ క్లాసు. మెదడు చురుకు. ఇన్ని డబ్బాలు ఇంత చోటు తింటున్నాయి, గింజలు చూస్తే కొన్నేగా అనుకుంది. గడ్డకట్టిన గింజలు గలగలా అన్నిటినీ ఒకే పెద్ద స్టీలు క్యానులో పోసి, మూత గట్టిగా బిగించింది. గడ్డకట్టి ఉన్నాయి కాబట్టి మంచు పొగ కూడా రాలేదు. మిగిలిన చోట మాంసం సర్ది, ఖాళీ డబ్బాలు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని తృప్తి పడింది.

పరుగు పొద్దున, తొలి బస్సు వేళకు, డబ్బాలు తీసుకుందామని అఖ్తర్ బీ ఫ్రీజర్ తెరిచింది. అంతా మాంసం కవర్లే.

"మసరత్! డబ్బాలేవే?"

"కడిగి బోర్లించినా అమ్మీ."

"గింజలు?"

మసరత్ గర్వంగా క్యాను చూపించింది. అఖ్తర్ బీ ఒక చేయి ఫ్రిజ్ మీద, ఒక చేయి గుండె మీద పెట్టుకుంది.

"అన్ని పొద్దులూ కలిపేసినావా?"

"కలపగూడదా? మా అమ్మోళ్లింట్లో సంవత్సరానికి ఒక్కపూటే ఒలుస్తాం. కలిపే దానికి రెండో పూట యాడుంటాది?" మసరత్ గొంతు సన్నబడింది. "ఇప్పుడు మంచు రాదా అమ్మీ?"

"వస్తాదో రాదో, వస్తే ఏ మాత్రం వస్తాదో, నాకేం తెల్సు! మా అమ్మ కలపలా, మా నానీ కలపలా. కలిపిన మొనగత్తెవు నువ్వే."

మెట్ల మీద బూట్లు కట్టుకుంటున్న సుధ అంతా విన్నది. లేచి వచ్చి మసరత్ చేయి పట్టుకుంది. ఆ చేయి క్యాను కంటే చల్లగా ఉంది.

"ఏడవగాకు వదినా. పోయినేడు మంచు లేకుండానే మూడు చుట్లు లాగినా. ఇంకొక్క చుట్టే కదా."

"ఆ ఒక్క చుట్టే కదా నిన్ను పడేసింది," అంది అఖ్తర్ బీ. తర్వాత తల విదిలించుకుంది. "పాండి. క్యాను ఎత్తుకో మసరత్. నువ్వే కలిపినావు, నువ్వే మోయాల."

బస్సు ప్రొద్దుటూరు దాటేసరికి సూర్యుడు మీదికొచ్చాడు. జమ్మలమడుగు బస్టాండులో గంగులయ్య ఎక్కాడు. చేతికర్ర, భుజాన గొంగడి, మొహంలో నిద్రలేమి. కూతురి పక్కన కూర్చుని ఆ పిల్ల మోకాళ్ల వైపు చూశాడు.

ముద్దనూరు దగ్గర పడుతుండగా మసరత్ ఒడిలోని క్యాను మూత సందులోంచి తెల్లటి దారం ఒకటి బయటికొచ్చింది. ఆ దారం పెరిగి పిలక అయింది. పిలక పెరిగి జడ అయింది.

"ఎవురప్పా బస్సులో బీడీ తాగుతాండేది?" అని కండక్టరు వెనక్కి నడిచి వచ్చాడు.

"బీడీ కాదన్నా," అంది మసరత్, మూతను రెండు చేతులా నొక్కిపట్టి. "అనపగింజలు."

"ఓ, అట్లనా. పుష్యమా, మార్గశిరమా?"

"అంతా ఉండాది."

"కొంచెం ఇట్ల పెట్టు తల్లీ, నా కాళ్ల కాడ. ఇంజను వేడికి పాదాలు ఉడికిపోతాండాయి."

"నీ కాళ్లకు కాదు నాయనా అది, ఈ పిల్ల కాళ్లకు!" అని అఖ్తర్ బీ కసిరింది. అప్పటికే ముందు సీట్ల దాకా తెల్లగా పరుచుకుంది. డ్రైవరు హెడ్‌లైట్లు వేసి గట్టిగా అరిచాడు. "మంచు తెచ్చేవాళ్లు ముందే చెప్పాలమ్మా, అద్దం తుడుచుకుంటా కదా!"

"గింజలు కరిగిపోతాండాయి అమ్మీ. పులివెందుల చేరేలోగా అంతా బస్సులోనే అయిపోతాది!" మసరత్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు గంగులయ్య లేచాడు. గొంగడి తీసి, క్యానును పసిబిడ్డను చుట్టినట్టు మడత మీద మడత వేసి చుట్టి, అంచును లోపలికి దోపాడు. తెలుపు ఆగిపోయింది.

"గొంగడి వెచ్చగా ఉంటాది కదా మామా, ఇంకా తొందరగా కరగదా?" అంది మసరత్.

"గొంగడి వెచ్చనా కాదు, చల్లనా కాదు కూతురా. లోపల ఏముంటే దాన్నే కాపాడతాది." మళ్లీ కూర్చున్నాడు. చుట్టిన మూటను ఇక తన ఒడిలోనే పెట్టుకున్నాడు.

కాసేపటికి సుధ మెల్లగా అడిగింది. "అత్తా, నాదొక మాట. ఇది మోసం కాదా?"

"ఏది?"

"అందరూ ఎండలో పరిగెత్తి, నేను మంచులో పరిగెత్తితే?"

అఖ్తర్ బీ బస్సంతా వినేలా నవ్వింది. "మంచుకు నీ పేరు తెల్సునా? నీ మింద పడి, పక్క పిల్ల మింద పడనని అంటాదా? పడితే అందరి మింద పడతాది. లేకుంటే ఎవురి మిందా పడదు. అప్పుడు గెలిచేది ఎవురి కాళ్లో చూద్దాం."

పరుగు తొమ్మిదింటికి అన్నారు. తొమ్మిదింటికి టేబుళ్లు వచ్చాయి. పదింటికి కుర్చీలు వచ్చాయి. కుర్చీల్లో కూర్చోవాల్సినవాళ్లు ఇంకా తర్వాత వచ్చారు. మగపిల్లల పరుగులు ముందు పెట్టారు. ఆడపిల్లలు గోడ నీడలో కూర్చుంటే, ఆ నీడ గంట గంటకూ గోడలోకే దూరిపోయింది. మైదానం ఎర్రటి పెనంలా కాలుతోంది. మొదటి జట్టు అమ్మాయిల్లో ఇద్దరు పడిపోయారు. రెండో జట్టులో ఒక పిల్ల వాంతి చేసుకుంది. టోపీ పెట్టుకుని, మెడలో విజిల్ వేసుకున్న ఎంపికల మేడం వాళ్లకు నీళ్లు తాగించి, పేర్లు కొట్టేసి, తర్వాతి జట్టును పిలిచింది.

సుధ జట్టు వచ్చేసరికి పొద్దు నడినెత్తిన ఉంది.

గంగులయ్య గీత దగ్గర నిలబడ్డాడు. అఖ్తర్ బీ, మసరత్ కంచె పక్కన మూటతో కూర్చున్నారు. "చివరి చుట్టు గంట కొడతారు కదా, అప్పుడు తీద్దాం," అంది అఖ్తర్ బీ. "ముందే తీస్తే ముందే అయిపోతాది. అసలు వస్తే."

విజిల్ మోగింది.

మొదటి చుట్టులో సుధ రెండో స్థానంలో ఉంది. రెండో చుట్టులో మూడు. ఎండ నేల మీది నుంచి, ఆకాశం నుంచి, పక్కవాళ్ల ఊపిరి నుంచి కూడా కొడుతోంది. మూడో చుట్టులో ఇద్దరు ఆమెను దాటిపోయారు. ఐదు. సుధ ఎడమ కాలు నేలకేసి గట్టిగా పడటం మానేసింది. కంచె పక్కనుంచి పోతున్నప్పుడు ఆ పిల్ల కళ్లు చూసి అఖ్తర్ బీ మూటను మసరత్ వైపు తోసింది. పోయినేడు పడబోయే ముందు కూడా ఇవే కళ్లు.

గంట మోగింది.

"తీ మసరత్!"

మసరత్ గొంగడి విప్పి, మూత పట్టి తిప్పింది. రాలేదు. కొంగుతో పట్టి తిప్పింది. రాలేదు. "ఇంత గట్టిగా బిగించింది ఎవురే!" అని అఖ్తర్ బీ అరిచింది. "నేనే!" అని మసరత్ అంతకంటే గట్టిగా అరిచి, క్యానును మోకాళ్ల మధ్య ఇరికించి ఒళ్లంతా బలం పెట్టి తిప్పింది.

మూత ఎగిరి అవతల పడింది.

ఒక పొద్దున కాదు. చలికాలం మొత్తం లేచింది. క్యానులోంచి తెల్లటి మాను ఒకటి మొలిచినట్టు మంచు పైకి లేచి, విరిగి, మైదానం మీద కూలింది. టేబుళ్లు పోయాయి, కుర్చీలు పోయాయి, గోడ పోయింది, సూర్యుడు పోయాడు. పాలబండ్లన్నీ ఒక్కసారే హారను కొట్టాయి. కోళ్లన్నీ ఒక్కసారే కూశాయి. అజాన్‌లు ఒకదాని వెనక ఒకటి, వాటి మధ్యలో గుడి మైకు సుప్రభాతం. అనపపూల వాసన, తడి ఇసక వాసన, ఎవరో కాగబెట్టిన నీళ్ల పొయ్యి పొగ. పులివెందుల నడిబొడ్డున పెన్న ఒడ్డు చలి.

"ఆపండి! పరుగు ఆపండి!" మేడం గొంతు మంచులో ఎక్కడినుంచో వచ్చింది. విజిల్ కోసం ఆమె తడుముకుంటుంటే, ఆ గొంతు పట్టుకుని మసరత్ ఉరికింది. పెళ్లయిన నాటినుంచి గడప దాటి గొంతు వినిపించని కోడలు. కాలేజీ రోజుల నుంచి దాచుకున్న గొంతంతా ఇప్పుడు బయటికొచ్చింది.

"ఎందుకాపాల మేడం? పొద్దున్నించి పిల్లోళ్లు ఎండకు పిట్టల మాదిరి రాలిపోతాంటే ఆపినారా? ఎండకు ఆపని పరుగు మంచుకు ఎందుకాపాల?"

"గీత కనపడటం లేదమ్మా! ఎవరు గెలిచారో నేనెట్లా చెప్పేది?"

"మీరు గీత మింద చేయి చాపి నిలబడండి. మీ చేతిని ముందు తాకిన పిల్లే ముందొచ్చిన పిల్ల. కళ్లతోనే చూడాలని యాడ రాసుండాది?"

"గీత ఎక్కడుందో పిల్లలకు తెలియొద్దా?"

దానికి జవాబు మసరత్ చెప్పలేదు. గీత దగ్గర నిలబడ్డ గంగులయ్య చెప్పాడు. నాలుక మడిచి, గొంతులోంచి, పొద్దుగూకే వేళ మందను ఇంటికి పిలిచే పిలుపు పిలిచాడు. "హుర్ర్ర్... ఓ ఓ ఓయ్!" ఏటి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయే పిలుపది. మంచును చీల్చుకుంటూ మైదానం నాలుగు మూలలకూ పోయింది. "ఇట్ల రాండి తల్లీ! గీత ఈడుండాది! హుర్ర్ర్..."

మేడం మైకు లేకుండానే అరిచింది. "పరుగు సాగుతుంది! అందరూ ఆ గొంతు వైపు రండి!"

మంచు మొహానికి కొట్టగానే సుధ కళ్లు తెరుచుకున్నాయి. ఊపిరి అందింది. ముందు నలుగురూ దారి కనపడక చేతులు చాపి వేగం తగ్గించారు. సుధ తగ్గించలేదు. ఈ మంచు ఆ పిల్లకు కొత్తా? ఇందులోనే పుట్టింది, ఇందులోనే గొర్రెల్ని తోలింది, ఇందులోనే రోజూ ఏటికి పోయి వచ్చింది. కాళ్ల కింది సున్నపు గీత ఒక్కటి కనపడితే చాలు.

అప్పుడు వినపడింది. టప్, టప్, టప్. ముందు ఎవరో పరిగెత్తుతున్నారు. ఎడమ కాలు గట్టిగా పడుతోంది.

తన అడుగులే. పుష్యమాసంలో పరిగెత్తిన సుధవి. ఒక పొద్దుటివి కాదు, ఒలిచిన పొద్దులన్నిటివీ. ముందొక జత, దాని ముందు ఇంకొక జత, ఇంకా ముందు ఇంకొకటి. అలిసిన పొద్దుటివి, హుషారు పొద్దుటివి, జ్వరంతో కూడా మానని పొద్దుటివి. సుధకు రోషం వచ్చింది. చలికాలంలో తానెంత వేగంగా పరిగెత్తిందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఆ పిల్లను పట్టుకోవాలి.

ఒక జతను దాటింది. ఇంకొక జతను దాటింది. మధ్యలో మెత్తగా భుజానికి తగిలింది ఒక నిజమైన పిల్ల, ఆమెనూ దాటింది. మరొకరినీ, ఇంకొకరినీ. ఎడమ కాలు మళ్లీ నేలకేసి కొట్టడం మొదలుపెట్టింది.

గీత దగ్గర గంగులయ్య పిలుపు ఆపకుండానే చెవి పెట్టి వింటున్నాడు. మంచు నిండా కూతురి అడుగులే. ఏవి నిజమో తేల్చుకోలేక ఆయన తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. మేడం చాపిన చేతికి ఒక అరచేయి ఠక్కున తగిలింది. "కడప! లావణ్య!" అని ఆ పిల్ల అరుస్తూ పోయింది. ఆ వెంటనే గంగులయ్యకు తెలిసిపోయింది. అన్ని అడుగుల్లో ఒక్క జతే వగరుస్తోంది.

మేడం చేతికి రెండో అరచేయి తగిలింది. మంచుముద్దలా ఉంది.

"ఎవరు?"

"సుధ! గంగులయ్య కూతురు సుధ!"

ఆ పిల్ల ఆగలేదు. గీత దాటి, ఏరు ఇంకా ముందే ఉన్నట్టు, పోయి పోయి కంచెను పట్టుకుంది. మూడో పిల్ల మేడం చేతిని తాకింది. ఆ తర్వాత కూడా చాలాసేపు మేడం చేయి చాపే ఉంచింది. ఎడమ కాలు గట్టిగా పడే అడుగులు ఒక్కొక్క జతే వచ్చి, గీత దాటి, ఆమె వేళ్లకు చల్లగాలి తగిలించి వెళ్లిపోతూనే ఉన్నాయి. వాటిని ఆమె రాసుకోలేదు. ముగిసేదాకా మాత్రం నిలబడింది.

మంచు పలచబడింది. గోడ తిరిగొచ్చింది, కుర్చీలు వచ్చాయి, చివరికి సూర్యుడూ వచ్చాడు. గోడ పక్కన పడుకోబెట్టిన పిల్లలు లేచి కూర్చుని, ఒకరి జుట్టు మీది మంచు చుక్కలు ఒకరు దులుపుకుంటున్నారు. మసరత్ అఖ్తర్ బీ మెడను కౌగిలించుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

"కలపగూడదంటివే అమ్మీ!"

"కలపగూడదు," అంది అఖ్తర్ బీ, కోడలి వీపు నిమురుతూ. "మల్లా కలిపినావంటే ఫ్రిజ్ నీ నెత్తిన పెడతా. చలికాలమంతా ఒక్క చుట్టుకు ఖర్చయిపోయె. జైనబ్ బిడ్డకు ఈ ఎండలకు ఇంక ఏం చెప్పేది?"

కంచె దగ్గర సుధ పళ్లు టకటకలాడుతుంటే వణుకుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. అంత చలిని ఒక్క ఒంటితో చీల్చుకుని వచ్చింది మరి. గంగులయ్య నేల మీది గొంగడిని దులిపి, కూతురి దగ్గరికి నడిచాడు. రెండు చేతులా పట్టి, ఆ పిల్ల భుజాల మీద వేశాడు.

సుధ ఉలిక్కిపడి తలెత్తింది. "నాయనా! నేను పడలా. గెలిచినా కదా నాయనా, ఇదెందుకు ఏస్తాండావు?"

గంగులయ్య గొంగడి అంచులు రెండూ దగ్గరికి లాగి, ఆ పిల్ల గడ్డం కింద ముడి వేశాడు.

"హాస్టల్లో చలేస్తాది," అన్నాడు. "నీ కాడనే పెట్టుకో. గొర్రెలకు నేను ఇంకోటి నేయించుకుంటాలే."

అఖ్తర్ బీ క్యానులో చేయి పెట్టి చూసింది. గింజలు మెత్తబడిపోయాయి, ఇక ఆగవు. ఈ పూటే వండాలి. మేడం టోపీ తీసి విసురుకుంటూ, తన ఇల్లు పక్క వీధిలోనే అంది. పొయ్యి ఉంది, సంగటికి రాగిపిండి కూడా ఉంది అంది.

నలుగురూ ఆమె వెనక బయలుదేరారు. మే నెల మిట్టమధ్యాహ్నం, పులివెందుల వీధిలో, నల్ల గొంగడి కప్పుకుని వణుకుతూ నడిచిపోతున్న పిల్లను చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు. చెరకు రసం బండి ఆమె ఒక్కతే చక్రం తిప్పడం ఆపి అడిగింది.

"గెలిచినావా పాపా?"

"ఊ," అంది సుధ. అని, నడవడం చేతగాక, పరిగెత్తింది.